కళ్ళకలక కాదు

"పాపని కింద పెట్టండి అత్తయ్యా."

కోడలు గట్టిగా అరవలేదు. కానీ అది క్లాసునిండా పిల్లల్ని ఒక్క మాటతో కూర్చోబెట్టే టీచరమ్మ గొంతు. పొయ్యి మీద నుంచి పాలగిన్నె దించబోతున్న మావగారు పట్టకారు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

అత్తగారు పాపని ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది. ఆవిడ ఎడమ కన్ను ఎర్రగా ఉంది. సగం మూసుకుపోయి నీళ్ళు కారుతోంది. కిటికీలోంచి వచ్చే ఎండ పడకుండా మొహం గోడవైపు తిప్పుకుంది.

"ఎత్తుకుంటే ఏమవుతుంది?"

"మీ కన్ను చూడండి ఎలా ఉందో! మా క్లాసులో ఒక్క పిల్లాడికి కళ్ళకలక వస్తే వారం తిరిగేసరికి సగం బెంచీలు ఖాళీ అయ్యాయి. ఇది చేతికి దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. ఆ చేతులే కళ్ళల్లో పెట్టుకుంటుంది."

"ఇది కళ్ళకలక కాదు."

"కాదని ఎవరు చెప్పారు?"

"నా కన్ను సంగతి నాకు తెలీదా?"

"తెలిస్తే ఏంటో చెప్పండి మరి."

అత్తగారు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న చుక్కలు వేస్తూనే ఉంది. తగ్గడం మాట అటుంచి, లోపల్నుంచి ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టు కన్ను సలుపుతోంది. ఆ సంగతి ఇంట్లో ఎవరితోనూ అనలేదు. కుట్టుమిషను పక్కన బడి యూనిఫారాలు గుట్టగా పడున్నాయి. కన్ను పేరు చెప్పుకుని కూర్చుంటే అవెవరు కుడతారు?

పాపని చాప మీద పడుకోబెట్టింది. నడుం నిలబెట్టుకుని, కోడలి వైపు చూసింది.

"ఇన్నాళ్ళకి బయటపడ్డావమ్మాయ్."

"నేనేం బయటపడ్డాను?"

"నా ఒళ్ళు చూస్తే నీకు అసహ్యం. మొహమాటానికి ఇంతకాలం ఊరుకున్నావు. ఇప్పుడు కన్ను సాకు దొరికింది."

ఆ మాట నోట్లోంచి వచ్చాక కానీ అదెంత పెద్దదో ఆవిడకే తెలియలేదు.

మోచేతుల మీద, నడుం మీద, చెవుల వెనక ఎర్రటి మచ్చలు, వాటి మీద తెల్లటి పొలుసులు. సోరియాసిస్ అని డాక్టర్లు పేరు పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఒకసారి కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ ఆ చేతులు చూసి, బల్లమీద పెట్టిన గుడ్డని మాట్లాడకుండా మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. అప్పట్నుంచి ఎంత ఉక్కపోసినా అత్తగారివి పొడుగు చేతుల జాకెట్లే. ఇంట్లోకి కొత్తగా వచ్చిన ఈ పిల్ల మాత్రం ఒక్కరోజు కూడా వెనక్కి జరగలేదు. చలేస్తే అత్తగారి స్వెటరు తీసి తొడుక్కునేది. అత్తగారు సగం తాగిన టీ లాక్కుని తాగేది.

అలాంటి పిల్ల ఈ రోజు చెయ్యి అడ్డం పెట్టింది. అదే ఆవిడ గుండెల్లో గుచ్చుకుంది.

కోడలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మాట మాత్రం తడబడలేదు.

"మీ చర్మం ఎవరికీ అంటుకోదు. నాకు తెలుసు. తెలుసు కాబట్టే మీ పక్కనే తిన్నాను, మీ పక్కనే పడుకున్నాను. కళ్ళకలక అంటుకుంటుంది. అదీ తెలుసు. రెంటినీ ఒకే గాటన కట్టకండి అత్తయ్యా."

మావగారు ముందుకొచ్చారు. బతుకంతా బస్సు కండక్టరుగా చేసిన మనిషి. ఎక్కడ తోపులాట కనిపించినా మధ్యలో దూరడం అలవాటు.

"ఇద్దరూ కాస్త సర్దుకుని..."

"మీరుండండి!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఆ పూట అత్తాకోడళ్ళు ఏకమైన విషయం అదొక్కటే.

కోడలు బడికి సెలవు చెప్పేసింది. అత్తగారు తన కుట్టుగదిలోకి వెళ్ళి, కిటికీ మూసి, మిషను ముందు కూర్చుంది. మిషను మాత్రం తిరగలేదు. ఇవతల గదిలో పాప బోర్లాపడి, ముందుకు పాకలేక కోపంతో కేకలు వేస్తోంది. ఆ కేకలకి లేచి రెండుసార్లు తలుపు దాకా వచ్చి, మళ్ళీ వెళ్ళి కూర్చుంది.

మధ్యాహ్నం భోజనానికి కొడుకు వచ్చాడు. బల్లలూ కుర్చీలూ చేసే షెడ్డులో వడ్రంగి అతను. జుట్టు నిండా రంపపు పొట్టు. గుమ్మంలో అడుగుపెట్టగానే ఇంట్లో గాలి బిగుసుకుపోయి ఉండడం తెలిసింది.

"ఏమైంది?"

"మీ అమ్మనే అడుగు" అంది భార్య.

"నీ పెళ్ళాన్నే అడుగు" అని కుట్టుగదిలోంచి వినిపించింది.

అతను తండ్రి వైపు చూశాడు. "నన్ను మాత్రం అడక్కు. పొద్దున్నే నన్ను బస్సులోంచి దింపేశారు" అన్నారాయన.

కోడలు కంచం తెచ్చి బల్లమీద పెట్టింది. తర్వాత అందరికీ వినపడేలా చెప్పింది.

"ఇవాళ సాయంత్రం లోపల అత్తయ్య కంటి డాక్టరు దగ్గరికి రావాలి. రానంటే నేను పాపని తీసుకుని మా అక్క ఇంటికి వెళ్తాను. కన్ను తగ్గాకే వస్తాను. ఇది బెదిరింపు అనుకున్నా సరే."

కుట్టుగది తలుపు తెరుచుకుంది. అత్తగారు చెప్పులు వేసుకుని సిద్ధంగా నిలబడి ఉంది.

"సాయంత్రం దాకా ఎందుకు? ఇప్పుడే పదండి. ఇది కళ్ళకలక కాదని ఆ డాక్టరు నోటితోనే చెప్పిస్తాను. అప్పుడేం చేస్తావో చూస్తాను."

కొడుకు కంచంలో చెయ్యి పెట్టకుండానే లేచాడు.

*

కంటి డాక్టరమ్మ ఇంచుమించు కోడలి ఈడుది. అత్తగారిని యంత్రం ముందు కూర్చోబెట్టి, గడ్డం ఆనించమంది. సన్నటి వెలుగు కంట్లో పడగానే అత్తగారు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది.

"వెలుతురు చూస్తే నొప్పిగా ఉందా?"

"సూదితో పొడిచినట్టుంది."

"పుసి కడుతోందా? పొద్దున రెప్పలు అంటుకుంటున్నాయా?"

"లేదు. ఉత్త నీళ్ళే."

"చూపు?"

 "పొగమంచులోంచి చూసినట్టుంది."

పక్కనే నిలబడ్డ కోడలు ఉలిక్కిపడి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. అత్తగారు ఆ చేతిని తియ్యలేదు.

డాక్టరమ్మ రెండు కళ్ళూ మార్చి మార్చి చూసింది. తర్వాత యంత్రం పక్కకి జరిపింది.

"ఇది కళ్ళకలక కాదమ్మా."

అత్తగారు కోడలి వైపు తల తిప్పింది. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే డాక్టరమ్మ మొహంలో నవ్వు లేదు.

"కళ్ళకలకే అయ్యుంటే బాగుండేది. దానంతటదే పోయేది. ఇది కంటి లోపల వాపు. కంటిపాప చుట్టూ ఉండే పొర వాచి వెనకున్న కటకానికి అతుక్కోవడం మొదలుపెట్టింది. ఇంకొన్నాళ్ళు ఇలాగే వదిలేసి ఉంటే ఈ కంటి చూపు తిరిగొస్తుందని నేను చెప్పగలిగేదాన్ని కాదు."



"ఇప్పుడు?" అన్నారు మావగారు. ఆయన గొంతు అంత చిన్నగా ఉండగలదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

"టైముకే వచ్చారు. వైద్యం చేద్దాం." డాక్టరమ్మ అత్తగారి వైపు తిరిగింది. "ఒంటిమీద ఎక్కడైనా ఎర్రటి మచ్చలు, పొలుసులు ఉన్నాయా?"

అత్తగారి చెయ్యి అసంకల్పితంగా రెండో చేతి మణికట్టు మీదికి వెళ్ళి బట్టని కిందికి లాగింది. "కంటికీ దానికీ ఏం సంబంధం డాక్టరుగారూ?"

"ఉంది కాబట్టే అడుగుతున్నాను."

ఆవిడ మెల్లిగా జాకెట్టు చేతులు పైకి మడిచింది. డాక్టరమ్మ మొహం చిట్లించలేదు. మోచెయ్యి తన చేతిలోకి తీసుకుని, వేళ్ళతో తడిమి చూసింది. గోళ్ళ మీది చిన్న చిన్న గుంటలు కూడా చూసింది.

"పొద్దున లేవగానే వేళ్ళు, నడుం పట్టేస్తాయా?"

"కుట్టుపని కదమ్మా, అందుకని..."

"పొద్దున పూట సీసా మూత కూడా తీయలేదండీ" అన్నారు మావగారు. "నేనే తీస్తాను. మంచం మీంచి లేవాలంటే రెండు విడతలు. మధ్యాహ్నానికి మళ్ళీ మామూలు మనిషి."

"మిమ్మల్నెవరడిగారు?"

"ఆయన్ని చెప్పనివ్వండి" అంది డాక్టరమ్మ. "సోరియాసిస్ ఒక్క చర్మంతో పోయే జబ్బు కాదమ్మా. ఒంట్లో కాపలా ఉండాల్సిన శక్తి మన మీదే తిరగబడుతుంది. చర్మం మీద కనపడుతుంది కాబట్టి అక్కడే ఉందనుకుంటాం. కొంతమందిలో కీళ్ళ మీద పడుతుంది, కొంతమందికి ఇలా కంట్లోకి వస్తుంది. బీపీ, షుగరు, గుండె కూడా కనిపెట్టి ఉండాలి. అవెప్పుడు చూపించుకున్నారు?"

అత్తగారు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. గుర్తుకు రావడానికి ఏమీ లేదు.

"ఒక్క టిక్కెట్టు మీద ఇన్ని స్టేజీలా డాక్టరమ్మా?" అన్నారు మావగారు. నవ్వించాలని అన్నారు కానీ చెయ్యి భార్య కుర్చీ అంచుని పట్టుకునే ఉంది.

"అన్ని స్టేజీల్లోనూ దిగాలని లేదండీ. దారి తెలిసి ఉండాలి, అంతే." డాక్టరమ్మ కంట్లో చుక్కలు వేసింది. "రక్తసంబంధీకుల్లో ఇంకెవరికైనా ఉందా? ఇది అంటుకోదు కానీ, వంశంలో రావచ్చు."

"ఎవరికీ లేదు" అంది అత్తగారు వెంటనే.

గుమ్మంలో పాపని ఎత్తుకుని నిలబడ్డ కొడుకు, "దీనికి నిద్దరొస్తోంది. బయట తిప్పుతాను" అని వెళ్ళిపోయాడు. చుక్కల మసకలో ఆవిడకి అతని మొహం కనపడలేదు.

*

మొదటి రోజుల్లో గంట గంటకీ చుక్కలు వెయ్యాలి. కోడలు బడికి సెలవు పొడిగించింది. ఎవరూ అడగలేదు, తనూ ఎవరికీ చెప్పలేదు. గంట కాగానే చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి మంచం పక్కన కూర్చునేది.

"పైకి చూడండి. రెప్ప కొట్టకూడదు. ఆ... అయిపోయింది. గుడ్ గర్ల్!"

"ఏంటే, నన్నా?"

"అలవాటు అత్తయ్యా. నోరు జారింది."

అత్తగారికి నవ్వొచ్చింది. నల్లకళ్ళద్దాల వెనక కన్నీళ్ళు కూడా వచ్చాయి. "ఏడవకండి, మందంతా పోతుంది" అని కోడలు కసురుకుంది. కసురుకుంటూనే ఆవిడ చెంప తుడిచింది.

వారం తిరిగేసరికి నొప్పి నెమ్మదించింది. తర్వాత పొగమంచు విడిపోవడం మొదలైంది. ముందు కిటికీ ఊచలు విడివిడిగా కనపడ్డాయి. తర్వాత ఎదురు గోడమీది బల్లి.

"బల్లి!" అని ఆవిడ సంబరంగా అరిచింది. ఇంట్లో వాళ్ళంతా పరుగెత్తుకొచ్చారు. బల్లిని చూసి అంత మురిసిపోయిన మనిషిని ఆ బల్లి కూడా ఎరిగి ఉండదు అన్నారు మావగారు.

కంటి డాక్టరమ్మ పంపగా వెళ్తే, కీళ్ళ డాక్టరు వేళ్ళు వంచి చూశాడు, నడుం వంచి చూశాడు. ఇదీ ఆ జబ్బు శాఖేనన్నాడు. చర్మానికీ కీళ్ళకీ కలిపి పనిచేసే మందు మొదలుపెట్టాడు. బీపీ ఉందని కూడా అక్కడే తెలిసింది. అన్నీ చూశాక ఆయన కలం కింద పెట్టి, మామూలుగా అడిగాడు.

"మనసు ఎలా ఉంటోందమ్మా? దిగులుగా ఉంటుందా?"

కన్ను గురించి, వేళ్ళ గురించి, నడుం గురించి జవాబులు చెప్పిన మనిషి దానికి చెప్పలేకపోయింది. ఇరవై ఏళ్ళల్లో ఎవరూ ఆ ప్రశ్న వెయ్యలేదు. ఎక్కడికైనా పిలుపు వస్తే కుట్టుపని ఉందని చెప్పి ఇంట్లో ఉండిపోయిన రోజులు, చేతులు కనపడతాయని బస్సులో పై కడ్డీ పట్టుకోకుండా తూలుతూ నిలబడ్డ రోజులు ఒక్కసారిగా మీద పడ్డాయి. ఏడ్చింది. డాక్టరు తొందరపెట్టలేదు. రోజూ రాత్రి భోజనాలయ్యాక, ఆవిడ చేతికందని వీపు మీద మందు రాసే మావగారు, తన చేతికి కూడా అందని చోటు ఒకటుందని ఆ రోజే తెలుసుకున్నారు.

తిరుగు బస్సులో ఆవిడ పై కడ్డీ పట్టుకుని నిలబడింది. జాకెట్టు చెయ్యి జారి మోచెయ్యి కనపడింది. సర్దుకోలేదు.

*

ఒక సెలవు రోజు, మధ్యాహ్నపు ఎండ చాప అంచు దాకా వచ్చింది. కోడలు ఉతికిన బట్టలు మడతపెడుతోంది. మావగారు రేడియో మరమ్మతు చేస్తున్నానని చెప్పి దాన్ని పూర్తిగా విప్పేశారు. కొడుకు గుమ్మం పక్కన నేలమీద కూర్చుని పాప కోసం చెక్క చక్రాల బండి నునుపు చేస్తున్నాడు.

అత్తగారు పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎవరూ కింద పెట్టమనలేదు.

"అమ్మాయ్" అంది.

"ఊఁ."

"ఆ రోజు నువ్వు పాపని లాక్కున్నావు చూడు..."

"లాక్కోలేదు. కింద పెట్టమన్నాను."

"సరే తల్లీ, కింద పెట్టమన్నావు. నువ్వలా మొండికెయ్యకపోతే నేను ఆ చుక్కలతోనే కాలం గడిపేదాన్ని. ఈ పాటికి..." ఆవిడ పాపని ఇంకాస్త దగ్గరికి తీసుకుంది. "నీ మీద పడి అనకూడని మాట అన్నాను. నువ్వు నాకు కన్ను నిలబెట్టావు."

కోడలు మడతపెట్టిన తువ్వాల్ని మళ్ళీ విప్పి మళ్ళీ మడిచింది.

"ఉన్నది చెప్పనా అత్తయ్యా? ఆ రోజు మీ కన్ను పోతుందని కాదు. నా పిల్లకి అంటుకుంటుందనే భయపడ్డాను. మీరనుకున్నంత మంచిదాన్ని కాదు."

"దేనికి భయపడితేనేం? నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది నీ భయమే. నీ భయానికీ దణ్ణం, నీకూ దణ్ణం."

"చాల్లెండి" అంది కోడలు. తల వంచుకునే ఉంది కానీ నవ్వుతోందని ఉబ్బిన బుగ్గలు చెబుతున్నాయి.

అప్పుడే పాప అత్తగారి చూపుడువేలు నోట్లో పెట్టుకుని కొరికింది.

"అబ్బా!" ఆవిడ వేలు లాక్కుని, పాప కింది పెదవి మెల్లిగా కిందికి లాగి చూసింది. ఎర్రటి చిగుళ్ళలోంచి బియ్యపు గింజ కొనంత తెల్లటి గీత. ఎడమ కన్నుతో చూసింది. కుడి కన్ను మూసి, మళ్ళీ చూసింది. స్పష్టంగా ఉంది.

"పన్ను! ఒరేయ్, పన్నొచ్చిందిరా!"

కోడలు బట్టలన్నీ వదిలేసి వచ్చింది. మావగారు రెండు వేళ్ళు నోట్లో పెట్టి బస్సు ఆపేంత గట్టిగా ఈల వేశారు. పాప బెదిరి ఏడుపు లంకించుకుంది. ఏడ్చేసరికి నోరు పూర్తిగా తెరుచుకుని పన్ను అందరికీ ఇంకా బాగా కనపడింది.

"రారా, నువ్వూ చూడు" అంది అత్తగారు కొడుకుతో.

అతను గుమ్మం చట్రం పట్టుకున్నాడు. ముందు ఒక మోకాలి మీదికి లేచాడు. ఆగాడు. పళ్ళు బిగించి, మడమ నేలకి ఆనకుండా రెండో కాలు పైకి తెచ్చుకున్నాడు.

ఆవిడ మొహంలో నవ్వు మెల్లిగా సర్దుకుంది. ఆ లేవడం ఆవిడకి తెలుసు. రోజూ పొద్దున మంచం దిగేటప్పుడు తను లేచేది అలాగే.

"కాలికేమైంది?"

"ఏం లేదమ్మా. నిలబడి చేసే పని కదా."

"నేనూ కుట్టుపని అనే అన్నాను. మేజోడు తియ్యి."

"అమ్మా..."

"తియ్యరా నాయనా."

అతను తియ్యలేదు. కోడలు వంగి, తనే తీసింది. రెండో వేలు మొదలు నుంచి చివరిదాకా వాచి, ఎర్రగా నిగనిగలాడుతోంది. గోరు పసుపుపచ్చగా మారి, గుంటలు పడి ఉంది. అరికాలి వంపులో తెల్లటి పొలుసులు.

"చెక్క మీద పడిందన్నావు" అంది కోడలు.

అతను కాలు వెనక్కి లాక్కోబోయాడు.

"తల్లో అది చుండ్రు అన్నావు."



అత్తగారి చేతులు పాప చుట్టూ బిగుసుకున్నాయి. సంబంధం మాట్లాడడానికి వెళ్ళిన రోజు, దాచడం ఇష్టంలేక, కాబోయే కోడలి ముందు తనే జాకెట్టు చేతులు పైకి మడిచి చూపించింది. 'ఇది నా ఒంటికే తల్లీ. మా వాడికి లేదు' అని నోరారా చెప్పింది. ఆ మాట నమ్మే ఈ పిల్ల ఈ ఇంట్లోకి వచ్చింది.

అయినా ఆవిడకి ముందు కలిగింది భయం కాదు, ఊరట. ఎండ ఉండగా, అందరూ ఒకచోట ఉండగా, ఏ డాక్టరు తలుపు తట్టాలో తెలిశాక కొడుకు జబ్బు బయటపడింది. తన ఇరవై ఏళ్ళూ వీడు మళ్ళీ బతకక్కర్లేదు. అందుకు ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక పాప నెత్తి మీద ముద్దు పెట్టుకుంది.

"రేపే వెళ్దాంరా. నేను తీసుకెళ్తాను" అంది.

"ఆగండత్తయ్యా." కోడలు మేజోడు చేత్తో పట్టుకునే మొగుడి మొహంలోకి చూసింది. ఆ రోజు పొద్దుటి టీచరమ్మ గొంతు కాదది. వినీ వినపడనట్టుంది. "ఇది ఎప్పట్నుంచి? పెళ్ళికి ముందా, తర్వాతా?"

ఒక్క ముక్క చెబితే సరిపోయే ప్రశ్న. అతను భార్య వైపు చూడలేదు. తల్లి వైపూ చూడలేదు.

అతని చూపు గది దాటి, విప్పేసిన రేడియో ముందు కూర్చున్న తండ్రి మీద పడింది.

మావగారు చేతిలోని మరమేకుని చూసుకుంటూ తల దించుకున్నారు.

"ఏమండీ" అంది అత్తగారు నెమ్మదిగా. "మీకు ముందే తెలుసా?"